చెట్టుకి వీపు ఆనిస్తే ఎడమ

ఎండిన మొక్కల్ని అట్టలకు అతికించి బీరువాల్లో దాచే ఆఫీసులో పన్నెండేళ్ళు పనిచేసిన మనిషికి తుమ్ములూ మెడనొప్పీ తప్పవు. ఆవిడకు రెండూ ఉన్నాయి. ఆ వారం గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒక తీగ వచ్చి పడింది.

అడవుల్లో చెట్లకు చుట్టుకుని పైకి పాకే తీగలు ఆవిడ విభాగం. ఏది ఏ జాతో తేల్చాలి, ఏది అంతరించిపోతోందో జాబితా రాయాలి. ఆ జాబితాలో తీగ పేరుంటే అది పెరిగే చోట గొడ్డలి పడకూడదు, మిషను కదలకూడదు. ఇప్పుడు గొడవంతా వాలు తీగ గురించి. ఒకే ఒక్క కొండవాలులో పెరుగుతుంది కాబట్టి దానికి ఆ పేరు. దాని అన్నలాంటిది మామూలు తీగ, కంచె కనిపిస్తే చాలు అల్లుకుపోతుంది. రెండింటికీ ఆకు ఒకటే, కాయ ఒకటే. వాలు తీగ పువ్వును చూసినవాళ్ళే లేరు. అరవై ఏళ్ళ కిందట ఒక పెద్దాయన ఆ కొండెక్కి, కొమ్మ కోసుకొచ్చి, ఇది వేరే జాతి అని పేరు పెట్టి, కారణం ఎక్కడా రాయకుండానే పోయాడు. అట్ట మీద ఆయన చేతిరాతలో మిగిలింది ఒక్క ముక్క: ఎడమకు చుట్టుకొనును.

ఎనిమిదేళ్ళ కిందట జాబితా రాసినప్పుడు ఆవిడ ఆ ముక్కను ఉన్నదున్నట్టు ఎక్కించింది. మామూలు తీగ గురించి మాత్రం తన కళ్ళతో చూసి రాసింది. అదీ ఎడమే.

ఇన్నాళ్ళూ ఆ రెండు ఎడమల్ని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ కొండవాలులో రాళ్ళ క్వారీకి అర్జీ వచ్చాక డైరెక్టరుగారు చూశాడు. చెడ్డవాడు కాదు, రిటైర్మెంటుకు నాలుగు నెలలున్న మనిషి. ఆకు ఒకటై, కాయ ఒకటై, చుట్టుకునే వైపూ ఒకటైతే ఇక వేరెక్కడుందమ్మా అని నెమ్మదిగానే అడిగాడు. సాయంత్రం అయిదింటికల్లా రెండూ ఒకటేనని సంతకం పెట్టి పంపమన్నాడు. ఆ సంతకంతో వాలు తీగ జాబితాలోంచి పోతుంది, రేపో మాపో కొండా పోతుంది.

ఆవిడ అట్టను దీపం కింద పెట్టి పొద్దుటి నుంచీ చూసింది. పెద్దాయన తీగను చెట్టు నుంచి విడదీసి, సాపు చేసి, అణిచి ఎండబెట్టాడు. ఎటు చుట్టుకుందో చెప్పడానికి అందులో ఒక్క మెలికైనా లేదు. ఒకటిన్నరకు ఆవిడకు నిజంగానే అనిపించింది, సంతకం పెట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటే ఎవరడుగుతారని. కలం మూత కూడా తీసింది. మళ్ళీ పెట్టేసి, అన్నం తినడానికి పక్కవీధిలోని మొగుడి సైకిలు షాపుకి వెళ్ళింది.

పెళ్ళయి ఏడాది కాలేదు. మధ్యాహ్నం ఆ షాపులో, గ్రీజు వాసన మధ్య, తిరగేసిన డబ్బా మీద కూర్చుని తినడం ఆవిడకు రోజులో ఇష్టమైన అరగంట. అతను ఆవిడ కోసం ఆ డబ్బా మీద కొత్త గోనెపట్టా పరుస్తాడు. ఆ ఆఫీసుకు ఎండుటాకుల ఆఫీసని పేరు పెట్టింది కూడా అతనే.

"మొహమేంటి పంచరైంది?" అన్నాడు.

జరిగిందంతా చెప్పింది. పొద్దున్నే ఫారెస్టు గార్డుకు ఫోను చేసి కొండెక్కమన్నాననీ, అతని ఫోనులో కెమెరా పోయిందనీ, నోటితో చెప్పేదే సాక్ష్యమనీ చెప్పింది. చెబుతుండగానే ఫోను మోగితే స్పీకరులో పెట్టింది. అవతల గార్డు ఆయాసపడుతున్నాడు. పదకొండు తీగలు లెక్కపెట్టాననీ, పదకొండూ ఒకే వైపు చుట్టుకున్నాయనీ చెప్పాడు.

"ఎటు?"

"ఎడమకే మేడం."

ఆవిడ చేతిలో ముద్ద గిన్నెలోనే పడిపోయింది. అయితే డైరెక్టరుగారిదే నిజం. ఏడుపు కూడా రాలేదు. అమ్మయ్య, అయిపోయింది అని లోపలెక్కడో ఒక మాట వినిపించి సిగ్గేసింది.

మొగుడు గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"అన్నా, ఎడమంటే ఎవరి ఎడమ?"

"నా ఎడమేనయ్యా, ఇంకెవరిది."

"నువ్వెటు తిరిగి ఉన్నావు?"

"ఎటు తిరగడమేంటి? మూడు గంటలు ఎక్కానయ్యా బాబూ. చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నా. తీగ నా భుజం మీదుగా ఎడమ చేతి వైపు ఎక్కుతోంది."

ఆవిడ తలెత్తింది. మొగుడు ఆవిడ వైపే చూస్తూ, సైకిలు పెడళ్ళు బిగించే మనిషికి ఎడమా కుడీ నమ్మదగ్గవి కావని గార్డుకు తీరిగ్గా చెప్పడం మొదలెట్టాడు. కుడి పెడలుకు ఒక థ్రెడ్డు, ఎడమ పెడలుకు రివర్సు థ్రెడ్డు. పనికొత్తలో ఎటు తిప్పాలో తెలీక తను మూడు పెడళ్ళు పాడుచేశాడు. అప్పటినుంచీ పక్కలు నమ్మడం మానేసి గీత వాలు చూసుకుంటాడు.

"నీ దగ్గర నీళ్ళ సీసా ఉందా? మూత తీయి. మెడ మీద మూత బిగిసే గీత కనిపిస్తుంది చూడు. లేచి, చెట్టుకి ఎదురుగా నిలబడి, సీసాను తీగ పక్కన నిలబెట్టు. సీసా గీతా, తీగా ఒకే వైపు వాలాయా, ఎదురెదురుగా వాలాయా?"

అవతల ఆకులు గలగలలాడాయి. గార్డు మోకాళ్ళను తిట్టుకుంటూ లేచాడు. చాలాసేపటికి గొంతు వినిపించింది.

"ఒకే వైపయ్యా. రెండూ కుడికి ఎక్కుతున్నాయి. ఇదేం మాయ, ఇందాక ఎడమకి పోయింది గదా?"

షాపు పక్క కంచె మీద మామూలు తీగ ఉండనే ఉంది. ఆవిడ తన నీళ్ళ సీసా మూత తీసి దాని పక్కన పెట్టింది. సీసా గీత ఇటు, తీగ అటు. మళ్ళీ పెట్టి చూసింది. అటే.

"తోబుట్టువులు కాదు మేడంగారూ, ఎడమ పెడలూ కుడి పెడలూ," అన్నాడు మొగుడు.

ఆవిడకు ఇప్పుడు పెద్దాయన కళ్ళకు కట్టాడు. ఆయనా మూడు గంటలు ఎక్కే ఉంటాడు. కాళ్ళు పీకుతుంటే చెట్టుకు జారగిలబడి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, తన ఎడమ చేతి వైపు పోతున్న తీగను చూసి ఎడమ అని రాసి ఉంటాడు. అలసిన మనిషి రాసిన ఎడమ అది. దాన్ని తను కుర్చీలో కూర్చుని, తన ఎడమ అనుకుని ఎక్కించింది.

ఆఫీసుకి పరుగున రాలేదు, అంత ఓపిక లేదు. నడిచే వచ్చి, ముందు పెద్దాయన చిక్కుడు అట్ట వెతికింది. చిక్కుడు తీగ ఎదురుగా నిలబడి చూస్తే కుడికే ఎక్కుతుందని పెరట్లో పాదు వేసిన ఎవరైనా చూసుకోవచ్చు. పెద్దాయన అట్ట మీద మాత్రం అదే చేతిరాత: ఎడమకు చుట్టుకొనును. అంటే అలుపున్నా లేకపోయినా ఆయన ఎడమ ఎప్పుడూ చెట్టుకి వీపు ఆనించిన ఎడమే.

డైరెక్టరుగారు రెండు అట్టలూ చూశాడు, గార్డు మాట విన్నాడు, సీసా తెప్పించుకుని గీత చూశాడు. ఎనిమిదేళ్ళ కిందటి తప్పు తనదేనని ఆవిడ సంజాయిషీ రాసిచ్చింది. ఆయన చదివి, వాలు తీగ పేరు ఉన్నచోటే ఉంచి, సంతకం పెట్టాడు.

"అయితే అమ్మా, ఆయన రాసిన ఎడమలన్నీ..."

"కుడులేనండి. కుడులన్నీ ఎడమలు."

"ఎన్నుంటాయి?"

"తీగలు రెండు వందల పదిహేను."

ఇద్దరూ బీరువాల వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. నాలుగు నెలల్లో నేను వెళ్ళిపోతాను, నీ ఓపిక అన్నాడు.

అయిదు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆవిడ మొదటి కట్ట దించుకుని నేల మీదే కూర్చుంది. ఈ అట్ట మీద, అదృష్టం కొద్దీ, తీగతో పాటు అది చుట్టుకున్న పుల్ల కూడా ఉంది. మెడ లాగేస్తుంటే వీపు బీరువాకు ఆనించి, అట్టను బయటివైపు తిప్పి మోకాళ్ళ మీద నిలబెట్టి, పైనుంచి తొంగి చూస్తూ కొత్త చీటీ మీద ఎడమ అని రాసింది.

రాశాక ఆ మాట వంక కాసేపు చూసింది. తర్వాత మోకాలి మీద చెయ్యేసి, గార్డులాగే తిట్టుకుంటూ లేచి, అట్టను బల్ల మీద ఆనించి, ఎదురుగా వెళ్ళి నిలబడింది.