నిండని ట్యాంకులు

మా వీధిలో పందొమ్మిది ఇళ్లు. పందొమ్మిదింటికీ సెప్టిక్ ట్యాంకులు కట్టింది నేనే. అందరూ నన్ను 'నిండని మేస్త్రీ' అంటారు. వెనక వీధివాళ్లు ఏడాదికోసారి ట్యాంకు తోడే బండిని పిలిచి ముక్కు మూసుకుని నిలబడితే, మా వీధివాళ్లకు ఆ బండి రంగేమిటో కూడా తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆ పేరు చెప్పుకునే మీసం మెలేశాను.

నిజానికి అందులో నా పనితనం ఏమీ లేదు. ట్యాంకు అడుగున కాంక్రీటు వేయాలి. నేను వేయలేదు. నాలుగు గోడలు లేపి, పైన బిళ్లలు పరిచి చేతులు దులుపుకునేవాణ్ణి. ఆరు బస్తాల సిమెంటు మిగిలేది, ఇంటివాళ్లు సంతోషించేవారు. మురుగంతా నేలలోకి ఇంకిపోయేది. ఇంకి ఎక్కడికి పోతుందని వాళ్లు అడగలేదు, నేనూ ఆలోచించలేదు. నాకు పని నేర్పినాయనా అలాగే కట్టేవాడు.

వీధి చివర పల్లంలో ఉన్న ఇల్లు మా అమ్మాయిది. ఆ ఇంటి ట్యాంకుకూ బోరుకూ మధ్య నాలుగు గజాలు కూడా ఉండవు. పోయిన వానాకాలంలో నాలుగేళ్ల నా మనవరాలు పచ్చకామెర్లతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. నీళ్ల వల్లే అన్నాడు డాక్టరు. గ్యాసు అయిపోయిన రోజు ఒక్కపూట కాచని నీళ్లు తాగించానని అప్పటినుంచీ మా అమ్మాయి కుమిలిపోతూనే ఉంది. పిల్లకు రోజూ పళ్లు తోమించిందీ, కంచం కడిగిందీ ఆ బోరు నీళ్లతోనేనని నాకు తెలుసు. "నీ తప్పేం లేదమ్మా, రాత అలా ఉంది" అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. పిరికివాణ్ణి.

వీధికి మురుగు లైను తెప్పించాలని ఆమె ఆర్నెల్లు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. పెద్ద రోడ్డు కింద పైపు ఎప్పుడో వేశారు. అక్కడినుంచి ఇంటింటికీ కలుపుకోవడానికయ్యే ఖర్చును మున్సిపాలిటీ అప్పుగా ఇస్తుంది, పదేళ్లపాటు నీటి బిల్లుతో కలిపి కట్టుకోవచ్చు. మెలిక ఒక్కటే. వీధిలో సగానికి పైగా ట్యాంకులు పాడైపోయాయని తేలితేనే ఆ అప్పు.

ఒక ఉదయం ఇంజనీరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. మూతలు ఎత్తడానికి నేను గడ్డపారతో వెంట నడిచాను. మొదటి ఇల్లు రిటైరైన లెక్కల మాస్టారుది.

"ఎప్పుడైనా పొంగిందాండీ?" అని అడిగిందామె.

"పొంగడమా! ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తోడించలేదమ్మా. అంతా మా మేస్త్రీ చేతి చలవ!"

"కాస్త వాసనొస్తుందని చెప్పండి బాబాయిగారూ" అని మా అమ్మాయి వెనకనుంచి గొణిగింది. ఆయన వినిపించుకోలేదు. ఇంజనీరమ్మ 'బాగుంది' అన్న గడిలో టిక్కు పెట్టింది. ప్రతి ఇంటా అదే వరస. లైను కావాలని సంతకాలు చేసినవాళ్లే మూత ఎత్తేసరికి గొప్పలకు పోయారు. సొంతింటి గురించి చెడు చెప్పమంటే మనవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది.

పదో ఇంటి దగ్గర ఆమె ఫైలు మూసింది. "మిగతావి చూసినా లాభం లేదమ్మా. సగానికి పైగా బాగానే ఉన్నాయి. ఈ డబ్బు వెనక వీధికి వెళ్తుంది. మళ్లీ ఎప్పుడిస్తారో నేను చెప్పలేను."

"మా పాప పోయింది మేడమ్."

"తెలుసమ్మా. కానీ కాగితం మీద కారణం కనపడాలి కదా."

"కారణం నేనే మేడమ్. నీళ్లు కాచలేదు. ఇంకో తల్లికి కూడా ఏదో ఒకరోజు గ్యాసు అయిపోతుంది. అందుకే అడుగుతున్నా."

ఇక ఊరుకోలేకపోయాను. గోడకు ఆనించిన పొడవాటి వెదురు తీసి తెరిచి ఉన్న ట్యాంకులోకి దించాను. అది దిగుతూనే పోయింది.

"చూశారా? ఇంకా దిగుతుంది. కింద కాంక్రీటు లేదు. పందొమ్మిదింటికీ లేదు. మురుగంతా నేలలోకే, అక్కణ్ణుంచి బోర్లలోకే."

"కట్టిందెవరు?"

"నేనే."

ఇంజనీరమ్మ ఒక్కొక్క టిక్కే కొట్టేస్తూ వచ్చింది. "ఎంత పని చేశావయ్యా మేస్త్రీ!" అన్నారు మాస్టారు. ఆరు బస్తాలు మిగిలాయని ఆనాడు నా భుజం తట్టిన సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

మా అమ్మాయి మాత్రం నావైపే చూస్తోంది.

"మా ఇంటిదానికి కూడానా నాన్నా?"

"మీదానికి కూడా."

"నీకెప్పుడు తెలిసింది?"

వెదురు పైకి లాగి పక్కన పడేశాను. "డాక్టరు నీళ్లన్నప్పుడే."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఏడాదిగా నా కూతుర్ని నేనే చంపుకున్నాననుకుంటున్నా. నువ్వు పక్కన కూర్చుని ఓదార్చావు" అంది. తర్వాత ఇంజనీరమ్మ చేతిలోంచి కాగితం తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

నాలుగు నెలల్లో లైను వచ్చింది. పాత ట్యాంకులు తోడించి, ఇసుకతో పూడ్చేయాలన్నారు. కూలి వద్దని ఆ పనికి నేనే ఒప్పుకున్నాను. నిండని మేస్త్రీ ఒక్కొక్కటే నింపుతున్నాడని వీధివాళ్లు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నడుము పడిపోయినా ఆపలేదు. పద్దెనిమిది అయ్యాయి.

పందొమ్మిదో దానికి తట్టా పారా పట్టుకుని వెళ్లేసరికి అక్కడ వేరే మేస్త్రీ ఇసుక పోస్తున్నాడు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి అతనికి మంచినీళ్లు ఇస్తోంది. నన్ను చూసి, ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.