గంజి పోయిన గుడ్డ

జానయ్య గుడ్డ కొనను నాలుకకు తాకించి కళ్ళు మూసుకున్నాడు. ఆ పని చూసి నవ్వేవాళ్ళు ఆ గదిలో ఇప్పుడెవరూ లేరు. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ మొదటి వారం నవ్వుతాడు. రెండో వారం ఎవరూ చూడకుండా తనూ ఓ కొన నాకి చూసి, ఏమీ అర్థంకాక ఊరుకుంటాడు. జానయ్యకు మాత్రం అర్థమవుతుంది. నలభై ఏళ్ళు వచ్చేదాకా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఇది మిల్లు గుడ్డ. గంజి ఉంది. గంజిలో సుద్ద కూడా కలిపారు.

"పనికిరాదు," అనుకున్నాడు పైకే.

అది తుపాకుల గది. పోలీసులు దాన్ని కోత్ అంటారు. నల్గొండ నుంచి బస్సులో రెండు గంటలు పోతే గుట్ట కింద రేకుల కప్పులతో ఒక చిన్న క్యాంపు ఉండేది. ఆ క్యాంపు కోత్‌లో చెక్క చట్రంలో అరవై త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు వరుసగా నిలబెట్టి ఉండేవి. వాటి గొట్టాలు తుడిచే గుడ్డ ముక్కల పేరు చిందీలు. చిందీలు కోయడమే జానయ్య ఉద్యోగం. పెళ్ళిళ్ళలో చుట్టాలు ఏం పని అని అడిగితే తుపాకుల దగ్గర అని చెప్పి అక్కడితో ఆపేసేవాడు. వాళ్ళు భయపడి మరో పిడికెడు బూందీ వడ్డించేవాళ్ళు.

చిన్న పనే కాని, పట్టింపులు చాలా ఉన్న పని. తాడుకు ఒక చివర ఇత్తడి గుండు, రెండో చివర ఉచ్చు ఉంటాయి. ఉచ్చులో చిందీ పెట్టి, గుండును గొట్టంలోకి జారవిడిచి, అవతలి నుంచి ఒక్క ఊపున లాగాలి. చిందీ లావైతే నడుమ ఇరుక్కుని తాడు తెగుతుంది. పలచనైతే లోపల మెలితిరిగిన గాడుల్లోకి దిగదు. పోగులు రాలే గుడ్డ వద్దు, రంగు గుడ్డ వద్దు. అంచు అసలే వద్దు, అది గట్టిగా ఉండి పట్టేస్తుంది. వీటన్నిటికంటే ముందు గుడ్డలో గంజి ఉండకూడదు. గంజి గొట్టంలో అంటుకుంటే గాలిలో తేమనంతా పట్టి ఉంచుకుంటుంది. తక్కిన సంగతులు జానయ్యకు ఇక్కడికి వచ్చాక ఎవరో ఒకరు చెప్పారు. ఈ చివరిది మాత్రం ఎవరూ చెప్పలేదు.

బయట ముసురు. మూడు రోజులుగా ఎండ లేదు. పోయిన వారం చాందమారీ మైదానంలో గురి సాధన జరిగినప్పుడు ఉతికి దాచిన గుడ్డంతా అయిపోయింది. దాని బదులు నిన్న సాయంత్రం ఈ కొత్త తాను వచ్చింది, మడత విప్పితే ఫెళఫెళమంటోంది. ఈరోజు మూడు గంటలకు నల్గొండ నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తాడు. తనిఖీ కాగానే ఇరవై తుపాకులు తీసుకుని హెడ్ కానిస్టేబుల్ దుర్గయ్య, అతని మనుషులు దేవరకొండ వైపు పది రోజుల బందోబస్తుకు పోతారు.

జమేదారు రామచంద్రయ్య గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చాడు. వెనకే దుర్గయ్య వచ్చాడు.

"ఏం జానయ్యా, కత్తెర చప్పుడే లేదు?"

"గుడ్డల గంజి ఉన్నది జమేదార్‌సాబ్."

"ఉతుకు మరి."

"గీ ముసురుల ఎట్ల ఆర్తది? రెండు పూటలన్న పడ్తది."

"అయితే గట్లనే కొయ్యి. సాబ్ గొట్టంల చూసేది మెరుస్తాందా లేదా అనే కదా. ఇయ్యాల మెరుస్తది."

"ఇయ్యాల మెరుస్తది. నాలుగు రోజులకు తుప్పు పడ్తది. దుర్గయ్య బందోబస్తుల ఉంటడు. వానల ఎవ్వలు ఇప్పి చూస్తరు?"

"గంత ఫికర్ నీకెందుకు? కొయ్యమంటే కొయ్యి."

జానయ్య కత్తెర తీసి తాను మీద పెట్టాడు. మళ్ళీ పక్కకు జరిపాడు.

"నేను కొయ్య," అన్నాడు.

ఆ మాట మెల్లగానే అన్నాడు. కాని పదకొండేళ్ళలో ఆయన నోటి నుంచి కాదు అన్న మాట జమేదారు వినడం అదే మొదటిసారి. కోపం తెచ్చుకోవాలో, ఒంట్లో బాగాలేదా అని అడగాలో రామచంద్రయ్యకు తోచలేదు.

"సిద్దయ్య తుపాకులకు తుప్పు పట్టింది మీకు యాదికున్నదా?" అడిగాడు జానయ్య.

"యాదికి లేకేంది. నేనప్పుడు సిపాయినే. భుజం మీది పట్టీలు పీకి, రాజీనామా రాపిచ్చి పంపిండ్రు."

"అది సిద్దయ్య తప్పు గాదు. నాది."

పదకొండేళ్ళ కింద, అంటే యాభై మూడులో, జానయ్య మగ్గం అమ్ముకుని ఈ కోత్‌లో చేరి నాలుగు నెలలయింది. అప్పుడూ వానకాలమే, అప్పుడూ గుడ్డ అయిపోయింది. జానయ్య ఇంట్లో తన మగ్గం మీద చివరగా నేసిన తెల్లగుడ్డ ఉంది, రెండు వైపులా సన్నని ఎర్ర అంచుతో. సంతోషంగా తెచ్చి ఇచ్చాడు. ఉతకలేదు. నేతగాడు ఉతికిన గుడ్డ ఎవరికీ ఇవ్వడు. గంజి చెదరని గుడ్డ ఇవ్వడమే అతని మర్యాద, ఉతికి ఇస్తే వాడిన గుడ్డ అంటగట్టాడని అనుకుంటారు. ఆ మర్యాదే ఆయన కొంప ముంచింది. కాదు, సిద్దయ్య కొంప ముంచింది. హెడ్ కానిస్టేబుల్ సిద్దయ్య ఆ చిందీలతో పన్నెండు తుపాకులు తుడిపించి బందోబస్తుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి గొట్టాలన్నీ ఎర్రగా ఉన్నాయి. అధికారి అది అశ్రద్ధ అన్నాడు. గుడ్డ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి తుప్పు తుడిచిన పేలికల మీద చేతివేలు రాసి నాలుక మీద పెట్టుకున్న జానయ్య ఒక్కడికే తెలిసింది. అది తన ఇంటి జొన్నగంజి.

చెప్పలేదు. మగ్గం లేదు, ఈ పని కూడా పోతే ఏం చేయాలో తెలియక చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఎల్లుండికి సిద్దయ్య పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, "ఇగ నాలుకతోని గుడ్డ చూసేటోడు నాకేడ దొరుకుతడు జానన్నా," అని నవ్వించబోయాడు. జానయ్యకు ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఇదంతా జానయ్య వాళ్ళకు చెప్పేశాడు. దుర్గయ్య తల వంచుకుని చేతిలోని తాడు ఉచ్చును సవరిస్తూ నిలబడ్డాడు.

"సిద్దయ్యకు ఎరికేనా?" అడిగాడు జమేదారు.

"లేదు."

"ఎన్నడన్న కలిసినవా?"

"మోత్కూర్ అంగడికి రెండుసార్లు పోయిన. గొర్ల మందల నిలవడి బేరం చేస్తాండు. దూరం నుంచే చూసి మర్లి వచ్చిన. దగ్గరికి పోను కాళ్ళు రాలేదు."

రామచంద్రయ్య మడిచిన గొడుగును గోడకు ఆనించాడు. ఆయన కఠినుడేమీ కాదు, కఠినంగా కనబడాలని ఆశపడే మనిషి.

"గీ ఐతారం పో. సెలవు ఇస్త. పోయి చెప్పు," అన్నాడు. "మరి ఇప్పుడెట్ల?"

జానయ్య తల మీది రుమాలు విప్పాడు. పదకొండేళ్ళలో ఆయన బట్టతల అక్కడ ఎవరూ చూడలేదు. దుర్గయ్యకు నవ్వు రాబోయి ఆగిపోయింది. అయిదు గజాల తెల్లని రుమాలు, రెండు వైపులా వెలిసిన ఎర్ర అంచు. ఆ రోజు చిందీలకు పోగా మిగిలిన గుడ్డే ఇది. ఇంటికి తీసుకుపోయి తలకు చుట్టుకున్నాడు, మళ్ళీ వేరే రుమాలు కొనలేదు. పొద్దునే భార్య గోవిందమ్మ అంబలి గిన్నె ముందు పెట్టి, "గా పేలిక ఇంకెన్నాళ్ళు చుడ్తవ్? జల్లెడలెక్కయింది," అంది. ఆమె దాన్ని పిసినారితనం అనుకుంటుంది. పదకొండేళ్ళుగా వారం వారం చవుడు మట్టి వేసి ఉడకబెట్టి ఉతికింది కూడా ఆమే. నిన్న మళ్ళీ ఉతికి పొయ్యి మీది దండెం మీద ఆరేసింది. దారిలో తడవకుండా పొద్దున తల మీద కప్పుకున్న గోనెసంచి కింద దాచుకుని వచ్చాడు.

జానయ్య ఒక కొన నాలుకకు తాకించాడు. ఏ రుచీ లేదు. రెండో కొన తాకించాడు. అది నుదుటికి ఆనుకునే వైపు. ఉప్పగా ఉంది.

"గీ సగం పొద్దటిసంది చెమట పట్టింది. ఉప్పు గూడ తుప్పే," అని దాన్ని చింపి మడిచి, పై పలక మీద పెట్టాడు. "కడమ సగం చాలు. గంజి ఎన్నడో పోయింది."

గుడ్డ పలచన కనుక నాలుగు వేళ్ళు పొడుగు, నాలుగు వేళ్ళు వెడల్పు చించి, మడత పెట్టి రెండు వేళ్ళు చేశాడు. పోగు వెంట చించితే పోగు రాలదు. అంచు వదిలేశాడు. తుపాకీకి మూడు చొప్పున చిందీలు తయారవుతుంటే దుర్గయ్య మనుషులు వచ్చి తీసుకుపోయారు. వరండాలో గుండ్లు గొట్టాల్లోకి జారే చప్పుడు, తాడు లాగే చప్పుడు మొదలైంది. మధ్యలో ఎడమ చెయ్యి లాగుతోందని జానయ్య రెండుసార్లు పని ఆపి భుజం పిసుక్కున్నాడు. వాన గాలి అనుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు పని చేస్తుంటే హాయిగా ఉంది. ఆదివారం సిద్దయ్య ఎదురుగా నిలబడితే మొదటి మాట ఏమనాలో ఆలోచిస్తూ చించాడు. "సిద్దన్నా, జర నా మాట ఇను" అనాలనుకున్నాడు. అది బాగుంది అనిపించింది.

పని అయిపోయాక పై పలక మీద మడిచిన సగం రుమాలును చేత్తో తట్టి, "ఇది సిద్దయ్యకు చూపెట్టాలె. లేకుంటే నమ్మడు," అన్నాడు జమేదారుతో.

మూడు గంటలకు జీపు వచ్చింది. అధికారి ఒక్కొక్క తుపాకీ వెనక బొటనవేలి గోరు పెట్టించి, ఆ గోటి మీద పడ్డ వెలుగులో గొట్టం లోపల చూసుకుంటూ వచ్చాడు. జానయ్య కోత్ లోపల, గుమ్మం పక్కన పీట మీద గోడకు ఆనుకుని కూర్చుని తుపాకులు ఎత్తి దించే చప్పుళ్ళు విన్నాడు. పది, ఇరవై, నలభై. ఎక్కడా ఎవరి గొంతూ పెరగలేదు.

జీపు పోయాక దుర్గయ్య తడిసిన బూట్లతో వచ్చాడు.

"జానయ్య మామా, సాబ్ ఒక్క మాట అనలేదు. మంచిగున్నయ్ అన్నడు."

జానయ్య తల గోడకు ఆనించి ఉంది. ఒళ్ళో కత్తెర, దాని మీద చెయ్యి. నిద్రపోతున్నాడనుకుని దుర్గయ్య గొంతు తగ్గించాడు. జల్లు ఆ బట్టతల మీద పడుతోందని కిటికీ రెక్క మూశాడు. తన మనుషులను లెక్క చూసుకుని, లారీ ఎక్కబోతూ చెప్పిపోదామని మళ్ళీ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు తెలిసింది, ఊపిరి లేదని.

ఐతారం నాడు రామచంద్రయ్య మామూలు పంచె కట్టుకుని మోత్కూర్ బస్సెక్కాడు. అంగడిలో గొర్ల మంద మధ్య సిద్దయ్యను పోల్చుకోవడం కష్టం కాలేదు. జుట్టు నెరిసింది, నిలబడే తీరు మాత్రం పోలీసుదే. గొంగడి దులిపి పరిచి జమేదారును దాని మీద కూర్చోబెట్టాడు. రామచంద్రయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు. చివర సగం రుమాలు తీసి చేతిలో పెట్టాడు.

సిద్దయ్య గుడ్డ మడత విప్పాడు. పదకొండేళ్ళు గొర్ల వెంట తిరిగిన మనిషి. కోపం వస్తే రావలసిందే, వచ్చినా తప్పు పట్టడానికి లేదని జమేదారు అనుకున్నాడు. సిద్దయ్య గుడ్డను అటూ ఇటూ తిప్పాడు. కొన పట్టుకుని, అచ్చం జానయ్యలాగే, నాలుకకు తాకించి కళ్ళు మూసుకున్నాడు.

"గంజి లేదు," అన్నాడు. కొంచెం ఆగి, "ఉప్పున్నది," అన్నాడు.

గొర్లు బెదిరితే లేచి వాటి వెంట పోతూ ఆ గుడ్డ తలకు చుట్టుకున్నాడు. సగం గుడ్డ కనుక రెండో చుట్టు సరిగా రాలేదు. బస్సు కదిలేటప్పుడు జమేదారు వెనక్కి చూస్తే, మంద నడుమ సిద్దయ్య చెవి మీదికి ఆ వెలిసిన ఎర్ర అంచు వేలాడుతూ కనబడింది.