గోడ మీది కన్ను

ఎర్రటి దుమ్ము.

కిటికీ చువ్వల మీద. మంచం కోళ్ళ మీద. తాగే నీళ్ళ చెంబు అంచు మీద... వేలితో తుడిస్తే వేలికంటుతుంది. నాలుకకు తగిలితే ఇనుము రుచి.

ఆ ఏళ్ళలో బళ్ళారి అంతా అదే రంగు. కొండలు లారీలెక్కి రేవులకు పోయేవి. పోతూ పోతూ దారి పొడుగునా రంగు రాల్చుకుంటూ పోయేవి — ఆకుల మీద, అన్నం మీద, మనుషుల కనురెప్పల మీద.

ఆసుపత్రి వార్డులో గోడకొక కన్ను వేలాడుతోంది.

పటం అది. పుచ్చకాయను నిలువునా కోసినట్టు కోసిన కన్ను. లోపలి భాగాలకు తలా ఒక రంగు. ఒక్కో రంగుకూ ఒక గీత. గీత చివర ఇంగ్లీషు పేరు.

దాని కింద మంచం మీద టోనీ. రెండు కళ్ళకూ కట్లు. పాడైంది ఎడమదే. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుందని రెండూ కట్టేశారు.

పక్కన స్టూలు మీద అతని భార్య యూనీస్.

ఆమెకు ఏడుపు రావడం లేదు. కాలు తిమ్మిరెక్కితే గిచ్చి చూసుకుంటామే, అట్లా లోపల లోపల తనను తాను గిచ్చి చూసుకుంటోంది. ఎక్కడా చురుక్కుమనడం లేదు.

"ఏమ్మే, ఉండావా?"

"ఉండా."

"మాట్లాడవేంది మల్లా? గోడలు చూస్తాండావా?"

"గోడకు కన్ను పటముండాది."

"కండ్లాసుపత్రిలో కాలు పటం పెడతారా? ఏం రాసిండారో సదువు. పది దాంకా సదివింటివి గదా, ఈపొద్దన్నా పనికొస్తాది."

చదివింది. అక్షరం పక్కన అక్షరం కూడబలుక్కుని.

ఐలిడ్. ఐలాష్.

"అంటే?"

"రెప్ప. రెప్ప మీది ఎంటికలు."

"ఓస్, ఇంతేనా!" నవ్వాడు. కట్టు కింద నవ్వు సగమే కనిపించింది.

తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ వాళ్ళ ఊరు. వరినాట్లు వదిలి ఇనుపరాయి ప్లాట్లకు వచ్చారు, అందరూ వచ్చినట్టే. మగవాళ్ళు సమ్మెటలతో రాళ్ళు పగలగొడతారు. ఆడవాళ్ళు ఏరి కుప్ప పోస్తారు. దెబ్బ పడినప్పుడల్లా పెచ్చులు లేస్తాయి. ఎవరో ఒకరు కన్ను అదుముకుని కూలబడతారు.

అప్పుడొక కేక — "యూనీసక్కా! ఓ యూనీసక్కా, బేగ రా!"

చంటిబిడ్డ తల్లి యూనీస్. చనుబాలు చుక్క పడితే కంట్లో నలుసు కొట్టుకొస్తుందని ప్లాటంతా నమ్మకం. టార్పాలిన్ చాటుకు పోయి ఉగ్గుగిన్నెలోకి పిండి తెచ్చేది. ఎర్రబడ్డ కంట్లో తెల్లటి చుక్క. వెచ్చగా. కూలబడ్డ మనిషి రెప్పలార్పి, "పోయె, పోయె, సాలు" అని లేచేవాడు.

"సూది లేదు, చీటీ లేదు, పెద్ద డాక్టరమ్మ మా యూనీసక్క!" అనేది రాళ్ళేరే నింగమ్మ. "నీ బిడ్డకేమన్నా మిగులుస్తాండావా, అంతా ఈ మొగోళ్ళ కండ్లకేనా?"

అందరూ నవ్వేవాళ్ళు. యూనీస్ కూడా.

ఒకరోజు కూలబడింది టోనీ.

పాలు పోసింది. నలుసు రాలేదు. మళ్ళీ పోసింది. రాత్రి పోసింది, తెల్లారి పోసింది. కన్ను ఉబ్బింది. "ఇంగొంచెం పొయ్ మే, తగ్గుతాది" అన్నాడు. ఎంతమందికి తగ్గలేదు!

పోసింది.

చీము పట్టాక ఆటో ఎక్కారు.

"ఏం వేశారు?" అని డాక్టరు అడిగితే చెప్పింది. ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది... పాలది తప్పని ఎవరూ అనలేదు. కాదనీ ఎవరూ అనలేదు.

బిడ్డ ఊళ్ళో అత్త దగ్గర ఉంది. రొమ్ములు రాళ్ళయ్యాయి. పొద్దుటినుంచీ స్నానాల గదికి పోయి తూములోకి పిండేసి వస్తోంది. తెల్లగా పారుతుంది. చూస్తూ నిలబడుతుంది. అంతే.

పొద్దున డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి కన్నడంలో నిదానంగా చెప్పాడు. పెచ్చు లోపలికి దిగింది. ఆ కన్ను ఇక రాదు. తీసేయాలి. ఉంచితే బాగున్న కన్ను కూడా చెడవచ్చు. మీ ఆయన్ను ఒప్పించండి. సాయంత్రం నేను వచ్చేసరికి సంతకం కావాలి.

మందుతో నయమవుతుందనే టోనీ ధీమా. నిన్న ఎవరికో కన్ను తీశారని విని అననే అన్నాడు — "కన్ను తీపిచ్చుకునే బదులు కట్టు పీకి పారేసి ఇంటికి పోతా."

మధ్యాహ్నం దాటింది. ఆమె ఆ మాట చెప్పలేదు. పేర్లు చెబుతోంది.

కార్నియా. ఐరిస్.

అర్థాలు నర్సు దీనమ్మ అందిస్తోంది. వాళ్ళ చర్చి మనిషే. నల్లగుడ్డు మీద అద్దం మాదిరి ఉండేది కార్నియా. రంగుండే చోటు ఐరిస్.

"ఐరిసా? మన సండేస్కూలు టీచరమ్మ పేరు గదమ్మే! ఆయమ్మ నా కంట్లో యాడ దూరె?"

దీనమ్మ నవ్వింది. నవ్వుతూనే యూనీస్ వైపు చూసింది — చెప్పితివా?

యూనీస్ పటం వైపు తిరిగింది. ప్యూపిల్. లెన్స్. రెటినా.

నది ఒడ్డున గులకరాళ్ళు ఏరినట్టు ఏరుతోంది. చల్లటివి. నున్నటివి. దేన్ని పట్టుకున్నా ఏమీ కాదు.

ఇంగ్లీషులో కన్ను నొప్పెట్టదు.

టోనీ పిల్లల మాదిరి గొంతెత్తి వల్లిస్తున్నాడు. "నింగమ్మకు చెప్తా సూడు. ఏమక్కా, నా కార్నియాలో దుమ్ము పడె అంటా. అది నోరెళ్ళబెట్టల్ల!"

కిటికీలో వెలుగు వాలింది. ఎర్రగా.

"పాపా," అంది దీనమ్మ యూనీస్‌తో, మెల్లగా. "డాక్టరు మెట్లెక్కుతాండాడు."

"ఏమ్మే," అన్నాడు టోనీ. "ఇన్ని పేర్లు చెప్తివి. నాది చెడింది యాది?"

యూనీస్ వేలు పటం మీది గీతలన్నిటి వెంటా తిరిగింది.

"కార్నియానా? ఆ లెన్సా? ఏదో ఒకటే గదా. మారుస్తారులే, లారీకి గ్లాసు మార్చినట్ల."

"ఒకటి కాదప్పా."

"రెండా?"

"అన్నీ."

బయట లారీ ఒకటి పోయింది. చువ్వలు అదిరాయి.

"తీసేస్తారంట. తీయకుంటే ఆ పక్కదీ పోతాదంట."

అతని చెయ్యి లేచింది. కట్టు దాకా పోయింది. పీకేస్తాడనుకుంది. పీకనీ... అనుకుంది. వేళ్ళు గుడ్డ అంచు మీద ఆగాయి.

"అన్నీనా?"

"రెప్ప ఉంటాది," అంది యూనీస్. "రెప్ప మీది ఎంటికలుంటాయి."

ఈసారి తెలుగులోనే అంది. అన్నాక పంటి కింద దుమ్ము కరకరలాడింది.

పాల మాట అతను ఎత్తలేదు. ఆమే ఎత్తబోయింది. అప్పటికే డాక్టరు తలుపు దగ్గర ఉన్నాడు. దీనమ్మ చేతిలో కాగితం ఉంది, పెన్ను ఉంది.

టోనీ చెయ్యి దించాడు. అరచెయ్యి చాచి మంచం అంచున పెట్టాడు.

పెన్ను కోసమో. ఆమె చేతి కోసమో.

చాచిన చేతి గీతల్లో, ఆసుపత్రి సబ్బుకు కూడా పోని — ఎర్రటి దుమ్ము.