ఎండ వల్ల నాలుగు రోజులు ఆలస్యం

చొక్కాల కంపెనీలో మా ఇస్త్రీ గదికి ఆరు కిటికీలు. ఒక్కటీ తెరవం. తెల్ల చొక్కాల మీద దుమ్ము పడుతుందని మేస్త్రీ వాటికి మేకులు కొట్టించాడు. ఇస్త్రీ పెట్టెల ఆవిరి బయటికి పోయే దారి లేక మా మీదే పడుతుంది. ఈ ఏడు ఎండలు మరీ ముదిరాయి. నా తోడికోడలు రెండుసార్లు కళ్లు తిరిగి బల్ల పక్కన పడిపోయింది. మూడోసారి పడితే పని మానుకోవాల్సిందేనన్నాడు మేస్త్రీ. మరిది మంచం పట్టి ఏడాదయింది. ఆ ఇల్లు నడిచేది ఆమె రెక్కల మీదే.

ఆ రోజుల్లోనే ఆఫీసు అమ్మాయి కెమెరా పట్టుకుని వచ్చింది. మా కంపెనీ భూమికి ఎంత మేలు చేస్తోందో చొక్కాలు కొనేవాళ్లకు తెలియజేయాలట. ముప్పై ఏళ్లలో పొగే లేకుండా చేస్తామని అట్ట మీద అందంగా రాయించింది. దాన్ని పట్టుకుని మమ్మల్నిద్దరినీ కాస్త నవ్వమంది.

తోడికోడలు నీళ్ల సీసా మెడకు ఆనించుకుని నా వైపు తిరిగింది. "ముప్పై ఏళ్ల సంగతి దేవుడెరుగు. ఈ మధ్యాహ్నం గట్టెక్కిస్తారేమో అడగక్కా."

నేను అట్ట పక్కన పెట్టాను. "అమ్మాయ్, గంటసేపు నా బల్ల దగ్గర నిలబడు. ఆ తర్వాత నీకు ఏది తోస్తే అది రాసుకో," అన్నాను.

పాపం, మాట కాదనలేక నిలబడింది. మూడు చొక్కాలు చేసింది. నాలుగోదాని కాలరు మాడ్చి, నేల మీద కూలబడింది. తోడికోడలే సీసాలో మిగిలిన నీళ్లు ఆమె నెత్తిన పోసింది. ఆ రోజు ఫోటోలు తియ్యలేదు.

మర్నాడు ఆ అమ్మాయి యజమాని దగ్గరికి వెళ్లిందట. ఎప్పుడో చేయబోయేది కాదు, ఇవాళ ఈ గదిలో జరుగుతున్నది చెబుదామందట. మన పరువు మనమే బజారున పెట్టుకుంటామా అని మేస్త్రీ మొత్తుకున్నాడట. యజమాని ఎటూ తేల్చక వారం నానబెట్టాడు. ఆ వారమంతా తోడికోడలి చొక్కాల్లో సగం నేనే చేశాను. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

చివరికి కొనేవాళ్లకు చొక్కాలు పంపే ప్రతి అట్టపెట్టెలో ఒక కాగితం పెట్టారు. ఎండలు భరించలేకుండా ఉన్నాయని, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇస్త్రీ ఆపుతున్నామని, అందుకే ఇకమీదట చొక్కాలు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తాయని ఉంది అందులో. ఒకాయన కోపగించి కొనడం మానుకున్నాడు. మిగతావాళ్లు ఆగుతామన్నారు.

ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికే బల్ల ముందుండాలి. నిద్ర చాలక కళ్లు మండుతాయి. పన్నెండింటికి బట్టల గదిలోకి వెళ్లి ఆ చల్లటి గచ్చు మీద నడుం వాలుస్తాం. తోడికోడలు మళ్లీ పడిపోలేదు.

నిన్న కళ్లు మూసుకునే అడిగింది. "ఎండలు తగ్గాక మళ్లీ పాత వేళలేనంటావా అక్కా?"

"వచ్చే ఏడు ఇంతకంటే ముందే మొదలవుతాయేమోలే. పడుకో," అన్నాను.