సెన్సర్ తప్పు కాదు

రఘురామ్ చొక్కా రెండోసారి ఉతికినా పెట్రోలు వాసన పోలేదు. బాల్కనీలో ఆరేయబోతూ ఇంద్రాణి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పెట్రోలు ఒలికితే వచ్చే వాసన కాదిది. సగం కాలిన పెట్రోలు పొగతో కలిసి వచ్చే ఘాటు. ఇంజన్ అవసరానికి మించి తాగుతోంది. ఈ మాట ఆమె ఎప్పుడో చెప్పింది. "చొక్కా వాసన చూసి ట్రక్కు రోగం చెప్పేస్తావా? పెద్ద డాక్టరమ్మవి బయల్దేరావ్!" అని నవ్వాడు రఘురామ్. అత్తగారు జానకీదేవి కూడా నవ్వింది. ఆ ఇంట్లో తల్లీకొడుకులు కలిసి నవ్వడం అరుదు. నవ్వినప్పుడు మాత్రం సాధారణంగా ఇంద్రాణిని చూసే నవ్వుతారు.

రాజధాని చుట్టుపక్కల ద్వారకలో, నోయిడాలో ఉన్న తెలుగువాళ్ళకి సోనామసూరి బియ్యం, గుంటూరు కారం, ఆవకాయ చేరవేసే వ్యాపారం రఘురామ్‌ది. అతనిదనే అందరూ అంటారు. ఫోన్లో ఆర్డర్లు తీసుకునేదీ, తుమ్ముకుంటూ కారం పొట్లాలు కట్టేదీ, "ఆంటీ, ఈసారి ఆవకాయలో ఉప్పెక్కువైంది" అని మాటపడేదీ ఇంద్రాణి. ఆ పాత పెట్రోలు మినీ ట్రక్కు నడిపేది అతను కాబట్టి వ్యాపారం అతనిదయింది. పెళ్ళికి ముందు మానేసర్‌లో ఇంజన్లు పరీక్షించే ల్యాబ్‌లో ఆమె పనే పొగ కొలవడం. అత్తగారి మోకాలి ఆపరేషన్ అన్నప్పుడు "రెండంటే రెండు నెలలు" అని ఉద్యోగం మానిపించారు. అత్తగారు ఇప్పుడు మెట్రో మెట్లు చకచకా ఎక్కుతున్నారు. ఆ రెండు నెలలు మాత్రం ఇంకా పూర్తవలేదు.

అప్పుడు తనతో పనిచేసిన వైశాలి ఈమధ్య ఫోన్ చేసింది. నోయిడాలో మెకానిక్‌లకి పాఠాలు చెప్పే సెంటర్ పెట్టారట. "వచ్చే సోమవారం చేరతావా, చేరవా? నీకోసం ఆ ఉద్యోగం ఎన్నాళ్ళని ఆపను?" అని అడిగేసింది. ఇంద్రాణి రఘురామ్‌ని అడిగింది. అడగడం అలవాటైపోయింది మరి. "వద్దన్నానా? ముందు బండి బాగుపడనీ. తర్వాత నీ ఇష్టం" అన్నాడతను. వద్దనకుండా ఆపడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

బండి బాగుపడే సూచనలేం కనబడలేదు. పొగలో గాలెంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ రెండుసార్లు మార్చినా డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు ఆరలేదు, నల్లపొగ తగ్గలేదు. పొల్యూషన్ పరీక్షలో పోవడంతో ట్రక్కు సొసైటీ గేటు పక్కనే నిలబడిపోయింది. మూడో సెన్సర్ పట్టుకుని మెకానిక్ వచ్చిన రోజు ఇంద్రాణి కిందికి దిగింది.

"స్కానర్‌లో సెన్సర్ పేరే వస్తోంది భాభీజీ" అన్నాడతను హిందీలో.

"పేరొస్తే తప్పు దానిదేనా భయ్యా? పెట్రోలు చాలట్లేదని చెప్తోందది. మీరు విప్పిన స్పార్క్ ప్లగ్గులేమో మసిబట్టి బొగ్గుల్లా ఉన్నాయి. చాలకపోతే మసెందుకు పడుతుంది?"

మెకానిక్ రఘురామ్ వైపు చూశాడు. "ఇంద్రాణీ, పైకెళ్ళి రెండు టీలు పెట్టు" అన్నాడు రఘురామ్. ఆమె వెళ్ళి పెట్టింది. అల్లం కూడా దంచి వేసింది. అతను పంపినందుకు కాదు, తను ఆలోచించేలోపే తన కాళ్ళు మెట్లెక్కేసినందుకు ఆమెకి ఏడుపొచ్చింది. మూడో సెన్సర్ పెట్టినా లైటు ఆరలేదు.

మర్నాడు రఘురామ్ జనక్‌పురి వెళ్ళగానే, పెళ్ళిరోజుకి అతను కొనిచ్చిన వ్యాక్యూమ్ క్లీనర్ తీసుకుని ఆమె కిందికి దిగింది. గార్డు గదిలో ప్లగ్గు పెట్టి, గాలి బయటికి ఊదే వైపు గొట్టాన్ని చల్లబడి ఉన్న ట్రక్కు సైలెన్సర్‌లో దూర్చి, సందులన్నీ తడిగుడ్డతో మూసింది. "మేడమ్, ట్రక్కుకి లోపల్నించి సఫాయీనా?" అన్నాడు గార్డు. నవ్వాలో వద్దో అతనికి తెలియలేదు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు ఎగ్జాస్ట్ గొట్టం పొడవునా చల్లుకుంటూ పోయింది. ఇంజన్‌కీ సెన్సర్‌కీ మధ్య ఉన్న అతుకు దగ్గర బుసబుసా బుడగలొచ్చాయి.

అక్కడ గాలి దూరకుండా అతుకుని మూసే గ్యాస్కెట్ కాలిపోయింది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ సందులోంచి బయటిగాలి లోపలికి దూరుతోంది. పొగలో గాలెక్కువ కనబడేసరికి పెట్రోలు చాలట్లేదని సెన్సర్ కబురు పంపుతోంది. బండిలోని కంప్యూటర్ నమ్మి ఇంకాస్త పోయిస్తోంది. ఎంత పోసినా చాలలేదనే కబురే. సెన్సర్ తప్పేం లేదు, దాని ముందుకి వచ్చినదాన్నే అది చెప్పింది. బుడగలు చూస్తూ కూర్చున్న ఇంద్రాణికి సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో కూడా ఇన్నాళ్ళూ చాలలేదు, చాలలేదు అన్నారు. ఎక్కడ తక్కువైందా అని వెతుక్కుంటూ తను పోస్తూ వచ్చింది. తక్కువేం కాలేదు. ఆమె అక్కడే, తడిచేతులతోనే, సోమవారం వస్తున్నానని వైశాలికి మెసేజ్ పెట్టింది.

సాయంత్రం రఘురామ్‌కి ఆ బుడగలు చూపించింది. అతను గ్యాస్కెట్ మార్పించాడు. లైటు ఆరింది, పొగ ఆగింది, సర్టిఫికెట్ వచ్చింది. ఆదివారం భోజనాల దగ్గర ఫోన్లో అన్నగారితో అంటున్నాడు: "మెకానిక్‌లంతా సెన్సర్ సెన్సరని తిరిగారన్నయ్యా. నాకెందుకో ముందే డౌటొచ్చింది. ఆ అతుకు చూడమన్నా, అంతే." జానకీదేవి కొడుక్కి ఇంకో గరిటె పప్పు వేసి, "చిన్నప్పట్నించీ వీడిది పాదరసం బుర్ర. ఇట్టే పట్టేశాడు" అంది. ఇంద్రాణి చారు వడ్డించింది. అతను తలెత్తలేదు.

సోమవారం పొద్దున్నే ఆర్డర్ల ఫోనూ, ప్యాకింగ్ టేపూ తెచ్చి అతని ముందు బల్లమీద పెట్టింది. "నోయిడా వెళ్తున్నానండీ. ఇవాళే చేరడం."

"ఇవాళా? ఇప్పుడే కదా బండి దారిలో పడింది! ఆర్డర్లు మళ్ళీ మొదలవుతాయి, పొట్లాలెవరు కడతారు? ఇంకో ఏడాది ఆగు. అయినా నీకిక్కడ ఏం తక్కువైందని?"

ఆమె బ్యాగు భుజాన తగిలించుకుంది. అతను లేచి తలుపుదాకా వచ్చాడు. కోపం పోయి అతని మొహంలో నిజమైన భయం కనిపించింది.

"సరే, పొట్లాల సంగతి వదిలెయ్. రేపు నువ్వు లేనప్పుడు ఆ లైటు మళ్ళీ వెలిగిందనుకో, నేనేం చెయ్యను?"

ఇంద్రాణి చెప్పులు తొడుక్కుంటూ అత్తగారి వంక ఓసారి చూసి, అతనితో అంది:

"ఇట్టే పట్టేశారటగా. మళ్ళీ పట్టండి."