ఏమిటి నీళ్లు

మొన్న మన క్యాంప్ వన్ తాయారమ్మకి జరిగింది చెబుతాను, వినండి. తలుచుకుంటే నాకే అన్నం సయించడం లేదు.

స్టీలు ప్లాంటు కట్టేనాడు భిలాయి వచ్చిన పాతవాళ్ల సంగతులు తెర మీద వేస్తామని ఆంధ్రా సంఘం వాళ్లు అన్నారు. తాయారమ్మ చెప్పింది, ఇంజనీరింగ్ చదివే మనవరాలు ఇంద్రజ కంప్యూటర్లో కొట్టింది. ఆ పిల్ల స్లైడ్లు చేసే పద్ధతే వేరు. బొమ్మలు లాగడం, రంగులు పుయ్యడం ఉండవు, అంతా రాతే. లాటెక్ అంటారట. వెనక్కి వాలిన గీత ఒకటి పెట్టి ఇక్కడ స్లైడు మొదలు అని రాస్తుంది, మళ్లీ గీత పెట్టి ఇక్కడితో సరి అని రాస్తుంది.

"మూత పెట్టడం మర్చిపోతే మొత్తం ఆగిపోద్ది నానమ్మా."

"వంటింట్లో గిన్నెల మీద లేని బుద్ధి ఇక్కడెలాగొచ్చిందే నీకు?"

నవ్వుతూనే మొదలెట్టింది గానీ, ఆవిడ చెప్పినవాటిలో ఒకటి ఇన్నేళ్లూ ఎవరి ముందూ నోరు విప్పి చెప్పనిది. పెద్దకొడుకు నరేంద్ర సంగతి. ఆ రోజుల్లో కూలీలుండే ఈ క్యాంపులో కుళాయిల్లేవు. శివనాథ్ నది నుంచి లారీలో నీళ్లు తెచ్చి డ్రమ్ముల్లో పోసేవారు. ఆ నీళ్లకి వాంతులు పట్టుకుని పాలపళ్లు ఊడని పిల్లడు పోయాడు. అది నలుగురూ వినాలి, తన నోట వచ్చినట్టే వినాలి. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క కోరికే.

"నా మాటలు కడగకే," అని మనవరాలికి మరీ మరీ చెప్పింది.

సభ రోజు మధ్యాహ్నం సంఘం కార్యదర్శి తిరుమలరావు ఇంటికొచ్చాడు. ప్లాంటు క్వార్టర్లున్న సెక్టార్లో ఉండే రిటైరైన ఆఫీసరు. పెట్టిన పకోడీలు తింటూ, పళ్ల సందున ఇరుక్కున్న ఉల్లిపాయని నాలికతో పీక్కుంటూ లాప్‌టాప్‌లో చదివాడు. 'అప్పుడు ఏటి తినీవోళ్లం, ఏటి కట్టీవోళ్లం' అన్నచోట నూనె వేలు తెర మీద పెట్టి రుద్దాడు.

"ఈ ఏటి ఏటి ఏంటమ్మా? పెద్దవాళ్లొస్తారు. కూలివాళ్ల మాటలా ఉంది. ఏటి ఉన్న ప్రతిచోటా ఏమిటి అని పెట్టెయ్."

"మేం కూలికే వచ్చాం బాబూ," అంది తాయారమ్మ.

ఆయన ఇంకో పకోడీ తీసుకున్నాడు.

"సభ వాళ్లది కదా నానమ్మా, ఒక్క మాటేగా, పోనీ, జానే దో," అంది ఇంద్రజ. అంతా రాతే కాబట్టి ఒక్క మీట నొక్కితే ఫైలు మొత్తం మారిపోయింది. హిందీ బళ్లో చదివిన పిల్ల, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. మళ్లీ చూసుకోలేదు.

సాయంత్రం హాలు నిండింది. తెర మీద పడింది: 'మేం ఏమిటి నీళ్లు తాగీవోళ్లం.'

"ఏమిటి నీళ్లండీ పిన్నిగారూ, కొబ్బరి నీళ్లా?" అన్నారెవరో వెనకనుంచి.

హాలంతా గొల్లుమంది. అది సద్దుమణగకుండానే రెండోది వచ్చింది: 'ఆ ఏమిటి నీళ్లకే వాంతులు పట్టుకుని మా నరేంద్ర పోనాడు.'

ముందు వరసవాళ్లు చదివి తల దించుకున్నారు. వెనకవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. తాయారమ్మ నోట్లో ఉమ్మి చేదుగా ఊరింది.

తిరుమలరావు మైకు అందుకున్నాడు. "పాపం చిన్నపిల్ల, టైపింగులో తప్పు చేసింది, మన్నించాలి." ఆ తియ్యటి గొంతు వింటుంటే ఆవిడకి బొద్దింక మెడ మీద పాకినట్టయింది.

"ఇప్పుడే వెనక్కి మార్చేస్తాను నానమ్మా, మళ్లీ వేద్దాం," అంది ఇంద్రజ.

"వద్దు. ఆ కంప్యూటరు మూసీ."

తిరుమలరావు మైకు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. "ఇంకా స్లైడ్లున్నాయి కదమ్మా?"

"ఉన్నాయి బాబూ. మీకు కావు."

ఆటోలో ఇంద్రజ ఏడుస్తూనే ఉంది. "నాకు ఏటి అంటే ఒకటే తెలుసు నానమ్మా. క్యా అని." చెయ్యి పట్టుకోబోతే తాయారమ్మ విదిల్చేసింది. సొంత మనవరాలే, అయినా ఆ కాసేపూ ఆ పిల్లని చూసినా రోత పుట్టింది. పవర్ హౌస్ బజారు దాటేదాకా బయటికే చూస్తూ కూచుంది.

దాటాక అంది: "ఏరంటే నదే. ఏటి నీళ్లంటే నది నీళ్లు. మీ పెదనాన్న తాగినవి."