గడియ ఎటువైపు

తెల్లవారుజామున పిడుగు ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు గాని, న్యాయసహాయ కార్యాలయపు వెనుక గదిలో గోడకు బిగించిన గేట్‌వే పెట్టె మాత్రం మాడి మసైపోయింది. కార్యాలయంలోని కంప్యూటర్లకూ బయటి ప్రపంచానికీ నడుమ ఉన్న తలుపు అదొక్కటే. లోపలి మాట బయటికి పోవాలన్నా, బయటి మాట లోపలికి రావాలన్నా దాన్ని దాటి పోవలసిందే.

విచారణ ఆ మధ్యాహ్నమే. దుస్తుల కర్మాగారం తగలబడ్డ రోజున కుట్టు విభాగం నుంచి ప్రాణాలతో బయటపడినది ఒకే ఒక స్త్రీ. పొగ ఆమె ఊపిరితిత్తులను సగం తినేసింది. న్యాయస్థానం మెట్లు ఎక్కే స్థితిలో ఆమె లేదు. వీడియో ద్వారా సాక్ష్యం వినడానికి న్యాయాధికారి ఒప్పుకున్నారు గాని, ఒక షరతు పెట్టారు. ఎవరూ సాక్షిని చాటున కూర్చోబెట్టి పాఠం చెప్పించకుండా, ఈ కార్యాలయం పేర నమోదైన కనెక్షన్ నుంచి వచ్చిన పిలుపును మాత్రమే స్వీకరిస్తారు. ఫోన్‌లోని నెట్ చెల్లదు. కర్మాగారం నడిపే కంపెనీవారు కోరినప్పుడల్లా వాయిదా దొరికింది. సాక్షికి మాత్రం ఇదే ఆఖరి అవకాశమని కిందటిసారే తేల్చి చెప్పారు. లోకంలో ఓర్పు ఎప్పుడూ ఒక పక్షానికే ఉచితంగా దొరుకుతుంది.

ఆ కేసు నడుపుతున్న న్యాయవాది తన ఆడపడుచుకు కబురు పెట్టింది. నెట్‌వర్క్ పనులు చేసే ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ తీగలమ్మ అంటారు. సంచీ నిండా కేబుళ్లతో, తడిసిన చెప్పులతో వచ్చి, మాడిన పెట్టెను వాసన చూసి పెదవి విరిచింది.

"ఇది పోయింది వదినా. దీని మీద ఆశ వదులుకో."

"కొత్తది ఎప్పటికి వస్తుంది?"

"కొత్త పెట్టె ఎందుకు? మీ సర్వర్ బతికే ఉందిగా. దాని కడుపులో ఇంకో యంత్రాన్ని పుట్టిస్తా. దాని మీద గేట్‌వే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే అదే తలుపవుతుంది."

"వానలో తడిసి జ్వరం గాని వచ్చిందేమిటే నీకు?"

"మా అన్నయ్యను కట్టుకుని కూడా నువ్వు నిక్షేపంగా ఉన్నావు. వానకే నాకు జ్వరమొస్తుందా?"

న్యాయవాదికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. లోపలి గదిలోంచి సాక్షి దగ్గు వినిపిస్తోంది. ఆ దగ్గు వింటూ నవ్వడం ఆమెకు చేతకాదు.

తీగలమ్మ సర్వర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌ను ఫోన్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. దాన్ని వెంటనే వాడలేదు. తయారుచేసినవారు ప్రకటించిన పొడవాటి అంకెనూ, తన ఫైలు మీద లెక్కకట్టి తీసిన అంకెనూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదా వేలు జరుపుకుంటూ పోయింది.

"ఎందుకే ఆ తంటా?"

"దారిలో ఎవరైనా ఒక్క చుక్క మార్చినా ఈ అంకె మొత్తం మారిపోతుంది. కాపలా మనిషిని పెట్టుకునేటప్పుడు వాడు ఎవరో చూసుకోవాలిగా."

సంతకాలనూ ముద్రలనూ చూస్తూ తల నెరిసిన న్యాయవాదికి ఆ మాట నచ్చింది. ఇన్ని సాక్ష్యాలు చదివింది గాని, తనను తాను అంత కచ్చితంగా రుజువు చేసుకోగల పత్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

అంకె సరిపోయింది. తీగలమ్మ సర్వర్ కడుపులోని ఆ యంత్రాన్ని, అంటే వర్చువల్ మెషీన్‌ను, తయారుచేయసాగింది. ఇంత మెమరీ ఇస్తున్నాను, ఇంత డిస్కు ఇస్తున్నాను, రెండు నెట్‌వర్క్ కార్డులు ఇస్తున్నాను అని ఒక్కొక్కటే చెబుతూ పోయింది. వాటిలో ఏ ఒక్కటీ చేత్తో పట్టుకోగలిగినది కాదు. బటన్ నొక్కగానే నల్లటి తెర మీద తెల్లని వరుసలు పరుగెత్తాయి. ఆ లేని యంత్రం కళ్లు తెరిచి, తనకు మెమరీ ఎంత ఉందో, డిస్కు ఎంత ఉందో తానే తడిమి చూసుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. తాను ఇంకో యంత్రం కడుపులో ఉన్నానన్న అనుమానమే దానికి ఉన్నట్టు లేదు. న్యాయవాది కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. రేకు లేదు, మేకు లేదు. మాట మీద మాట పేర్చగా ఒక ద్వారం లేచి నిలబడుతోంది.

ఇన్‌స్టాలేషన్ ముగిసి యంత్రం మళ్లీ మొదలైంది. మొదలై, మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా అని మొదటి ప్రశ్నే అడిగింది.

"ఇదేమిటే, మతిమరుపా దీనికి?"

"దానికి కాదు, నాకు. ఇన్‌స్టాలేషన్ ఫైలు తీసేయకుండా వదిలేశా. పుట్టిన పిల్లను పట్టుకుని మళ్లీ పుట్టమంటే అదేం చేస్తుంది పాపం."

ఫైలు తీసేశాక గేట్‌వే బుద్ధిగా లేచింది. తీగలమ్మ మొదటి కార్డును లోపలి వైపుకూ, రెండో కార్డును బయటి వైపుకూ కేటాయించింది. కార్యాలయపు కేబుల్‌ను, బయటి కేబుల్‌ను సర్వర్‌కు తగిలించింది. పాత పెట్టెలో వరుస అదే. ఏళ్ల తరబడి ఆమె వేళ్లకు అలవాటైన వరుస.

పిలుపు పోలేదు. మళ్లీ ప్రయత్నించారు. పోలేదు.

సాక్షి గోడ పట్టుకుని నెమ్మదిగా గుమ్మం దాకా వచ్చింది. "ఇవాళ కూడా కుదరదంటారా అమ్మా?"

"కుదురుతుంది. మీరు కూర్చోండి అక్కా," అంది న్యాయవాది. తన గొంతులోని ధైర్యాన్ని తానే నమ్మలేదు.

తీగలమ్మ నుదుటి మీద చెమట తుడుచుకుంది. "వదినా, ఇంకొక దారి ఉంది. కాపలా నియమాలన్నీ తీసేస్తా. వచ్చేవాళ్లు రానీ, పోయేవాళ్లు పోనీ. విచారణ అయ్యేదాకే."

"లోపల ఎంతమంది కూలీల ఇళ్ల చిరునామాలున్నాయో తెలుసా నీకు? సాక్ష్యం చెబుతామన్నవాళ్లవి. తలుపు తీయమన్నాను గాని గోడ కూల్చమనలేదు."

గేట్‌వే ఏమంటోందో చూద్దామని తీగలమ్మ, అది తిరస్కరించిన వాటి వరుసను తెర మీదికి తెచ్చింది. ఎవరినో తోసేస్తోంది, మళ్లీ తోసేస్తోంది. ఆ అంకెల్లో న్యాయవాదికి అర్థమయ్యేది ఏదీ లేదు, ఒక్కటి తప్ప. రోజూ తన బల్ల మీది కంప్యూటర్‌కు అంటించిన చీటీ మీద ఆమె చూసే అంకె అది.

"ఇది నా కంప్యూటర్‌ది కదటే. దొంగలను ఆపమంటే నన్ను ఆపుతోందేమిటి?"

తీగలమ్మ తెర వంక చూసింది. తర్వాత వదిన వంక చూసింది.

"కార్డులు తారుమారు చేశాను వదినా. ఈ సాఫ్ట్‌వేర్‌లో మొదటిది బయటి వైపు, పాత పెట్టెలో మొదటిది లోపలి వైపు. చెయ్యి పాత అలవాటుకే పోయింది. మనల్ని బయటివాళ్లమనుకుంటోంది ఇది. మనం ఎంత తోసినా తెరుచుకోదు. గడియ అటువైపు ఉంది."

కర్మాగారం పటం న్యాయవాది కళ్ల ముందు నిలిచింది: కుట్టు విభాగం, ఇరుకైన వసారా, దాని చివర ఇనుప తలుపు. దొంగతనాలకు భయపడి గడియ లోపలే పెట్టించామని, కార్మికులు కంగారులో తీసుకోలేకపోయారని యజమాని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ తలుపును లోపలి నుంచి తోసినవాళ్లలో మాట్లాడగలిగినది ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది.

తీగలమ్మ రెండు కేటాయింపులూ మార్చింది. తెర మీద తిరస్కారాలు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత న్యాయస్థానపు గది కనిపించింది; న్యాయాధికారి కళ్లద్దాలు సర్దుకుంటూ, "సాక్షి ఉన్నారా?" అని అడిగారు.

"ఉన్నానండి," అంది సాక్షి, తెర ముందుకు వచ్చి కూర్చుంటూ.

ఆ ఒక్క మాట ఎన్ని ముక్కలై, ఏ తీగ మీద పోయి, ఆ లేని యంత్రం ముందు ఎలా వరుసలో నిలబడి, దాటి, అంత దూరంలో మళ్లీ ఒక మనిషి గొంతుగా ఎలా అతుక్కుందో న్యాయవాది ఊహించబోయి ఆగిపోయింది. ఊహ అక్కడిదాకా పోలేదు. ఆ తలుపుకు చర్మం రంగు తెలియదు, చీర ఖరీదు తెలియదు. కంపెనీ న్యాయవాది గంభీరమైన గొంతు కూడా ఆ దారినే, అదే నియమం కిందే లోపలికి వచ్చింది; సాక్షి దగ్గు ఆ దారినే బయటికి పోయింది. తాను జీవితమంతా మనుషులను బతిమాలి అడిగినది ఇదే కదా అనుకుని, ఆమె ఎందుకో లేచి నిలబడింది.

"పొగలో కళ్లు కనిపించవు. గడియ ఎటువైపు ఉందో మీకెలా తెలుసు?" అన్నాడు కంపెనీ న్యాయవాది.

సాక్షి ఊపిరి కూడదీసుకుంది. తెరకు అటువైపు వాళ్లందరూ ఎదురుచూశారు.

"చూడలేదండి. తడిమాను. లోపలివైపు పై నుంచి కింది దాకా నున్నటి రేకు. గడియ కాదు గదా, పట్టుకోడానికి కొక్కెం కూడా లేదు. నా పక్కన మా తోడికోడలు కూడా తడిమింది. మా ఇద్దరి చేతులూ ఒకదానికొకటి తగిలాయి. ఆ రేకు మీద ఇంకేమీ తగల్లేదు."

ఎవరూ మాట్లాడలేదు. కనెక్షన్ తెగిందేమోనని న్యాయవాది తీగలమ్మ వంక చూసింది. తీగలమ్మ తల అడ్డంగా ఊపింది. మాట చేరింది, అది చేరినందువల్ల వచ్చిన నిశ్శబ్దమే అది.

"రాసుకోండి," అన్నారు న్యాయాధికారి పక్కనున్న గుమాస్తాతో. "లోపలివైపు గడియ లేదు. సాక్షి చేతితో తడిమి చూసింది."

న్యాయవాది వెనక్కి అడుగు వేసి సర్వర్ మీద అరచెయ్యి ఆనించింది. అది వెచ్చగా ఉంది. దాని లోపల ఎక్కడో, ఏ ఆకారమూ లేని ఆ తలుపు, గుమాస్తా టైపు చేస్తున్న ఒక్కొక్క అక్షరం చప్పుడునూ లోపలికి రానిస్తోంది.